పసుపు గుడ్డ కింది బొమ్మ

లోకనాథం లారీ వచ్చి ఆగితే, కవరైపేట్టై టీ కొట్టు మాస్టరు పాలు పొంగించడానికి ఏమాత్రం తొందరపడడు. ఆ మనిషి దిగీదిగగానే కొట్టు వైపు రాడని అతనికి తెలుసు. లోకనాథం సీటు వెనకనుంచి ఒక పసుపు గుడ్డ తీస్తాడు. ముందు బంపరు మీది బోర్డు తుడుస్తాడు, తర్వాత కుడి పక్కది, తర్వాత వెనకది, చివరికి ఎడమ పక్కది. తుడిచాక ఇరవై అడుగులు వెనక్కి నడిచి, కళ్ళు చికిలించి చూస్తాడు. ఎక్కడైనా మసక కనిపించిందా, మళ్ళీ వచ్చి తుడుస్తాడు. ఇదంతా అయ్యాకే టీ గ్లాసు ముట్టేది.

"ఏం మావా, పెండ్లికూతురికి మొగం కడగడం అయిందా?" అని బెంచీ మీద కూర్చున్న డ్రైవర్లు రోజూ అడుగుతారు.

"నీ బండి మొగం ఎప్పుడన్నా చూసినావా రా? బురద కింద ఏముందో నీకే తెల్దు. ముందు పోయి కడుక్కోని రా, తర్వాత నాతో మాట్లాడుదువు," అంటాడు లోకనాథం. నవ్వకుండానే అంటాడు. అతనికి పెట్టిన పేరు బోర్డు లోకనాథం. ఆ పేరుతో పిలిస్తే పలుకుతాడు కూడా.

ఆ బోర్డు ఏమిటో చెప్పాలి. లోకనాథం నడిపేది సల్ఫ్యూరిక్ యాసిడ్ ట్యాంకరు. అలాంటి బండికి నాలుగు వైపులా బోర్డులుండాలి. లోపలి సరుకు పేరు, దాని నంబరు, ఆపద వస్తే పిలవాల్సిన ఫోను నంబరు వాటి మీద రాసుంటాయి. పక్కన మూలల మీద నిలబెట్టిన చతురస్రంలో ఒక బొమ్మ ఉంటుంది. ఒక గొట్టం లోంచి చుక్కలు కారుతుంటాయి, కింద ఒక చెయ్యి ఉంటుంది, చుక్క పడినచోట ఆ చెయ్యి తినేసినట్టు గుంట పడి ఉంటుంది. అక్షరం ముక్క రానివాడికి కూడా ఆ బొమ్మ చూస్తే ఒళ్ళు జలదరిస్తుంది. జలదరించాలనే దాన్ని అలా గీశారు.

ఇప్పుడింత చాదస్తంగా ఉన్నాడు గానీ, రెండేళ్ళ కిందటి వరకూ లోకనాథం ఆ బోర్డులను కన్నెత్తి చూసిన పాపాన పోలేదు. పదహారేళ్ళు యాసిడ్ తోలాడు. ఏడాదికోసారి కంపెనీలో డ్రైవర్లకు క్లాసు పెడతారు. ఈయనగారు చివరి వరుసలో ఫ్యాను కింద కుర్చీ చూసుకొని కూర్చొని, బిస్కెట్లు తిని, సంతకం పెట్టి వచ్చేవాడు. ఒక ఏడు క్లాసు చెప్పడానికొచ్చిన ఇంజనీరమ్మ, "మీరు మాట్లాడలేని పొద్దు మీ బదులు బోర్డే మాట్లాడాలన్నా" అంది. అది చెవిన పడింది, అంతే. అప్పటికి సగం నిద్రలో ఉన్నాడు.

అతనిది తమిళనాడులో తిరుత్తణి దగ్గరి అత్తిమంజేరిపేట. పుట్టింది మగ్గాల ఇంట్లో. పదిహేనేళ్ళకే మగ్గం గుంటలో కాళ్ళు పెట్టి లుంగీలు నేశాడు. మరమగ్గాలు వచ్చి చేతి మగ్గాన్ని మూల కూర్చోబెట్టాక, తండ్రి పోయాక, లైసెన్సు తీసుకొని ఇటుకల లారీ ఎక్కాడు. అక్కణ్ణించి యాసిడ్ ట్యాంకరుకి మారాడు. ఆ బండి ఎక్కడానికి అందరూ జంకుతారు కాబట్టి జీతం కాస్త ఎక్కువ. ఇంట్లో ఒక్క మగ్గం మాత్రం మిగిలింది. దాన్ని అమ్మ సరసమ్మ వదల్లేదు. డెబ్బై దాటినా, ఒక కంటికి శుక్లాల ఆపరేషను అయినా, ఇంకో కన్ను మసకబారినా, ఆమె మగ్గం మీద కూర్చుంటూనే ఉంది.

సరసమ్మకు చదువు రాదు. కానీ బొమ్మ చూడ్డానికి బడికి పోవాలా ఏమి? లోకనాథం మొదటిసారి ఖాళీ ట్యాంకరు తెచ్చి వీధిలో నిలబెట్టిన రోజే, ఆమె దాని వెనక నిలబడి నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

"ఇదేం బొమ్మ రా? చెయ్యి కరిగిపోతా ఉండాదే!"

"యాసిడ్ పడితే అట్లయితాది మా. జాగర్తగా ఉండమని ఏసినారు."

"చేతుల్తో బతికే ఇండ్ల ముందర ఇట్లా చెయ్యి కాలే బొమ్మ నిలబెడతారా ఎవురైనా? నీ కంపెనీవోనికి బుద్ధుండాదా?"

అప్పట్నుంచీ లోకనాథం బండి ఎప్పుడు తెచ్చినా వెనకభాగం గోడవైపు తిప్పి నిలపాలి. లేకపోతే ఆమె తలుపు తీయదు. కొడుకు చేతికి ఆ బొమ్మ కీడు అని ఆమె మనసులో నాటుకుపోయింది. లోకనాథం నవ్వి ఊరుకునేవాడు. తల్లితో వాదన పెట్టుకోవడం కంటే బండి తిప్పడం సులువు.

ఆమెకు ఇంకో ఆనవాయితీ ఉంది. ఆడి నెల, అదే తమిళుల ఆషాఢం, వచ్చిందంటే పసుపులో ముంచిన నూలు ఎక్కించి, తిరుత్తణి కొండ మీది మురుగన్ పేరున ఒక గుడ్డ నేస్తుంది. సగం కొండకు పోతుంది. మిగతా సగం ఇంటికి అన్నం పెట్టే వస్తువుకు కట్టాలి. ఒక ఏడు మగ్గానికి, ఒక ఏడు కోడలి కుట్టుమిషనుకి కట్టింది. రెండేళ్ళ కిందట మురుగన్ పండగ ఆడి కృత్తిక నాడు ఆ వంతు లారీకి వచ్చింది.

ముందురోజు సాయంత్రం లోకనాథం ఖాళీ బండితో ఇంటికొచ్చాడు. తెల్లారి అతను స్నానం చేసి వచ్చేసరికి సరసమ్మ పని పూర్తి చేసేసింది. ట్యాంకు చుట్టూ గంధం, కుంకుమ బొట్లు, అద్దాలకు వేపమండలు. పక్క బోర్డుల మీద అక్షరాలు కనబడనంతగా పసుపు మెత్తేసింది. వెనక బొమ్మ మీద, బోర్డు మీద కొత్త గుడ్డ పరిచి, నాలుగు మూలలూ ట్యాంకు ఎక్కే నిచ్చెన ఊచలకు బిగించి కట్టింది. నేతగాళ్ళు తెగిన పోగుని అతికేటప్పుడు వేసే ముడి అది. లాగేకొద్దీ బిగుసుకుంటుందే తప్ప వదలదు.

"ఏల మా ఇదంతా?"

"గమ్మునుండు రా. ఈపొద్దు రోడ్డంతా కావళ్ళెత్తుకోని స్వామి మనుషులు నడస్తా ఉంటారు. వాళ్ళ కంట్లో ఆ పాడు బొమ్మ పడకూడదు. నీ చేతికీ మంచిది."

ఒక్క మాట చెప్పుంటే పోయేది. 'అమ్మా, అది కనబడేదానికే ఉండాది' అని ఒకే ఒక్క మాట. చెప్పలేదు. పండగపూట అమ్మను నొప్పించడమెందుకని నోరు మూసుకున్నాడు. కోపం వస్తుంది నాకు ఇది తలుచుకుంటే. పదహారేళ్ళ అనుభవం, ఏడాదికోసారి సంతకం, అన్నీ ఆ ఒక్క నిమిషంలో ఎక్కడికి పోయాయో!

కవరైపేట్టై దగ్గర ఫ్యాక్టరీలో సరుకు నింపారు. గేటు దగ్గర కాపలాదారు చుట్టూ తిరిగి చూసి, "వెనక బోర్డు యాడన్నా?" అన్నాడు. లోకనాథం గుడ్డ కింది అంచు పట్టుకొని పైకెత్తి చూపించాడు. కాపలాదారు నుదుటి మీద కూడా విభూతి ఉంది. అతను నవ్వి, "సరే పో, మురుగన్ చూసుకుంటాడు," అని పుస్తకంలో రాసుకున్నాడు. లోకనాథం గుడ్డ మళ్ళీ కిందికి దించాడు. తన చేత్తోనే దించాడు.

బండిలో ఇంకో డ్రైవరు తణికైవేల్ ఉన్నాడు. నలభై దాటిన మనిషి, తమిళవాడు, మాటలు తక్కువ. సరుకు రాణిపేట వైపు ఒక ఫ్యాక్టరీకి పోవాలి. పండగ రోజు పెద్ద బండ్లను తిరుత్తణి దగ్గర ఎప్పుడు ఆపేస్తారో తెలియదు కాబట్టి తొందర తొందరగా తిరువళ్ళూరు దాటారు. అక్కడ్నుంచే జనం మొదలైంది. పసుపు బట్టలు, నెమలి ఈకల కావళ్ళు, డప్పులు. ఎండకు తారు రోడ్డు కాలిపోతోంది, అందరివీ ఉత్త కాళ్ళే. దారి పొడుగునా ఊళ్ళవాళ్ళు నిలబడి వాళ్ళ కాళ్ళ మీద బిందెలతో నీళ్ళు పోస్తున్నారు. లోకనాథం బండిని చూసి నడిచేవాళ్ళు చేతులెత్తి "అరోహరా!" అని దండం పెట్టారు. అతనికి బాగానే అనిపించింది. అమ్మ చెప్పిందీ నిజమేనేమో అనుకున్నాడు.

తిరువాలంగాడు మలుపు దాటి కొంత దూరం పోయాక, వెనక ఎడమ టైరు పెద్ద చప్పుడుతో పేలింది. పేలిన రబ్బరు ముక్కలు చక్రంతో పాటు తిరిగి అడుగుభాగాన్ని దబదబా కొట్టాయి. లోకనాథం బండిని రోడ్డు పక్కకు తెచ్చి ఆపాడు. వెనక యాభై అడుగుల్లో ఒక మజ్జిగ పందిరి ఉంది. దిగి టైరు చూశారు. జాకీ పెట్టారు. జాకీ లేవలేదు, నూనె కారిపోతోంది.

"నేను పోయి పంక్చర్ కొట్టులో జాకీ తీసుకొస్తాన్నా," అని తణికైవేల్ ఎవరిదో బైకు వెనకెక్కి తిరుత్తణి వైపు పోయాడు.

లోకనాథం వేపకొమ్మలు రెండు విరిచి, రాళ్ళు పెట్టి బండి వెనక అడ్డం వేశాడు. తర్వాత స్టెప్నీ దించడానికి బండి కిందికి దూరాడు. టైరు చూశాడే గానీ, ఆ రబ్బరు ముక్కలు ఇంకేమి కొట్టాయో చూడలేదు. ట్యాంకు వెనక అడుగున సరుకు దించే పైపు ఉంటుంది. దానికి లోపల ఒక వాల్వు, పైపు చివర మరలు తిప్పి బిగించే ఇనుప మూత. ఆ దెబ్బలకు వాల్వు పక్కకు ఒరిగింది. పైపు నిండా యాసిడ్ దిగి, మూత అంచునుంచి ఒక్కో చుక్క కారడం మొదలైంది. సల్ఫ్యూరిక్ యాసిడ్‌కి వాసన ఉండదు. రంగూ ఉండదు. చూసేవాడికి అచ్చం నీళ్ళు.

మజ్జిగ పందిరి నడుపుతున్నది మోహన్‌రాజ్ అనే మనిషి. పక్క ఊళ్ళో సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణం అతనిది. తెల్లవారుజామున నాలుగునుంచి నిలబడి జనానికి పోస్తున్నాడు. పందిట్లో నీళ్ళ డ్రమ్ములు మూడూ పదకొండుకే అడుగంటాయి. పంచాయతీ నీళ్ళ లారీ వస్తుందని గంటనుంచీ జనానికి చెప్పి చెప్పి గొంతు పోయింది. అప్పుడు తలెత్తి చూస్తే, యాభై అడుగుల్లో ఒక ట్యాంకరు ఆగి ఉంది. గంధం బొట్లు, వేపమండలు, వెనక మురుగన్ పసుపు గుడ్డ. కింద పైపునుంచి చుక్కలు కారుతున్నాయి. పండగ రోజు ఆ దారిలో ఎవరైనా ఏమనుకుంటారు? ఎవరో భక్తుడు పంపిన ఉచిత నీళ్ళ బండి అనే కదా!

"తణ్ణి లారీ వచ్చేసింది! లైన్‌లో రండి, తొయ్యొద్దండి!" అని కేకపెట్టి, మోహన్‌రాజ్ ఒక ప్లాస్టిక్ డ్రమ్ము దొర్లించుకుంటూ పరిగెత్తాడు. అతని వెనకే జనం.

బండి కింద పడుకున్న లోకనాథానికి మొదట కాళ్ళు కనిపించాయి. వెనక చక్రాల అవతల, ఒకటి, రెండు, పది, ఇరవై జతల ఉత్త కాళ్ళు. ఎందుకొచ్చారబ్బా అనుకున్నాడు. డ్రమ్ము నేల మీద దబ్బుమని కూర్చున్న చప్పుడు వినిపించింది. అప్పుడు పైపు వైపు తల తిప్పాడు. చుక్క. ఇంకో చుక్క. కింద పచ్చగా ఉండాల్సిన గడ్డి అరచేతి వెడల్పున నల్లగా మాడి ఉంది.



"రేయ్! ముట్టుకోబాకండి! అది నీళ్ళు కాదురా!" అని అరిచాడు. అవతల డప్పులు మోగుతున్నాయి. తమిళంలో అరిచాడు. అదే సమయానికి వంద గొంతులు "అరోహరా!" అన్నాయి. లోకనాథం అరుపు అతని చెవికే వినపడలేదు.

మోచేతుల మీద పాకాడు. వీపు యాక్సిల్‌కి గీసుకుంది. పాకుతూ చూస్తున్నాడు. ఒక మగ చెయ్యి కిందికి వంగి పైపు మూత పట్టుకుంది. తిప్పుతోంది. మూత గట్టిగా ఉన్నట్టుంది, ఆ చెయ్యి ఒకసారి జారి, తువ్వాలు మడతపెట్టి మళ్ళీ పట్టుకుంది. ఆ చేతికి అడుగు దూరంలో రెండు చిన్న పాదాలు, వెండి పట్టీలు. ఎండ వేడికి ఆ పాదాలు ఒకదాని మీద ఒకటి ఎక్కి దిగుతున్నాయి. పక్కన ఒక ఇత్తడి చెంబు పైపు కిందికి వచ్చి ఆగింది. అందరికంటే ముందు నిలబడింది ఒక చిన్నపిల్ల.

మూత ఊడితే ఏమవుతుందో లోకనాథానికి తెలుసు. ట్యాంకు నిండా సరుకుంది. దాని బరువంతా ఆ పైపు మీద ఉంది. ఊడిన మరుక్షణం నడుం ఎత్తున చిమ్ముతుంది. డ్రమ్ములో పడి ఆగుతుందా! అక్కడున్న కాళ్ళన్నీ అందులో మునుగుతాయి. చేతి తొడుగులు క్యాబిన్‌లో ఉన్నాయి. క్యాబిన్ చాలా దూరం.

మూత మూడు మరలు తిరిగింది. సన్నటి తెర ఒకటి దాని చుట్టూ కారడం మొదలైంది. "వస్తా ఉండాది, వస్తా ఉండాది!" అని పిల్ల ఎగిరి గంతేసింది.

లోకనాథం చక్రాల మధ్యనుంచి బయటపడ్డాడు. కుడి చేత్తో పిల్లను ఛాతీ మీద పెట్టి వెనక్కి తోశాడు. పిల్ల వెళ్ళి వాళ్ళ అవ్వ కాళ్ళ మీద పడింది, చెంబు ఎగిరిపోయింది. భుజంతో మోహన్‌రాజ్‌ని గుద్దాడు. ఎడమ చేత్తో మూత పట్టుకొని వెనక్కి తిప్పాడు. యాసిడ్ వేళ్ళ సందుల్లోంచి మణికట్టు మీదికి కారింది. మొదటి క్షణం వెచ్చగా మాత్రమే ఉంది. రెండో క్షణానికి నిప్పుల్లో చెయ్యి పెట్టినట్టయింది. ఆ మంటతోనే ఒక మర తిప్పాడు. రెండు. అబ్బా అని మొత్తుకుంటూ మూడోదీ బిగించాడు. తెర ఆగింది. చుక్క మాత్రం ఆగలేదు.

"పిచ్చి పట్టిందాయ్యా నీకు? పసిబిడ్డను తోస్తావా?" అని మోహన్‌రాజ్ అతని చొక్కా పట్టుకున్నాడు.

"యాసిడ్డు రా! యాసిడ్డు!" అని లోకనాథం తన ఎడమ చెయ్యి అతని మొహం ముందు పెట్టాడు. మోహన్‌రాజ్ ఆ చెయ్యి చూశాడు. చొక్కా వదిలేశాడు.

కానీ అది చూసింది దగ్గరున్న నలుగురే. వెనకనుంచి జనం వస్తూనే ఉన్నారు. వాళ్ళకు కనిపిస్తున్నది పసుపు గుడ్డ కట్టిన నీళ్ళ లారీ, దాని ముందు గుంపు. బిందెలు పట్టుకొని తోసుకుంటున్నారు. ముందున్నవాళ్ళు పైపు మీదికి ఒరుగుతున్నారు. ఎవరో ఒకరు పడతారు, లేదా ఇంకొకడు మూతకు చెయ్యి పెడతాడు. ఎంతమందికని చెప్తాడు? ఏ గొంతుతో చెప్తాడు?

లోకనాథం తల పైకెత్తాడు. అమ్మ కట్టిన గుడ్డ నిచ్చెన మీద నిండుగా పరుచుకొని ఉంది. కుడి చేత్తో మూల పట్టుకొని లాగాడు. ముడి బిగుసుకుంది. ఇంకా లాగాడు, ఇంకా బిగుసుకుంది. ఆ ముడి ఎలా విప్పాలో అతనికి ఏడేళ్ళ వయసునుంచీ తెలుసు. రెండు చేతుల వేళ్ళ కొసలూ కావాలి దానికి. ఇప్పుడు అతనికి ఉన్నది ఒక్క చెయ్యి. అప్పుడు ఏడ్చాడు లోకనాథం, అంత జనం ముందు, నోరు తెరిచి ఏడ్చాడు.

"కత్తి! కత్తి తీసుకురా! ఆ గుడ్డ కొయ్యి, దాని కింద బొమ్మ ఉండాది!"

మోహన్‌రాజ్ పందిట్లోకి పరిగెత్తాడు. మజ్జిగలోకి మామిడికాయ తరిగే కత్తి తెచ్చి, నిచ్చెన ఎక్కి, నాలుగు ముడులూ తెగ్గోశాడు. గుడ్డ జారి కింద పడింది.

బొమ్మ బయటికొచ్చింది. గొంతు పోయేలా అరిచినా వినని జనం దాన్ని చూశారు. కారే చుక్కలు, తినేసిన చెయ్యి. దాని కింద అలాంటి చెయ్యే నిజంగా పట్టుకొని నిలబడిన మనిషి. ముందు వరుస ఆగింది. ఆగినవాళ్ళు వెనక్కి తిరిగి చేతులు అడ్డం చాపారు. ఒక తల్లి బిడ్డను చంకనెత్తుకొని పొలం వైపు పరిగెత్తింది. డప్పులు ఒకదాని తర్వాత ఒకటి ఆగిపోయాయి. రెండు నిమిషాల్లో బండి చుట్టూ ఇరవై అడుగుల మేర ఖాళీ అయింది. మోహన్‌రాజ్ బోర్డు మీది నంబరు చదివి ఫోను చేశాడు. అవతలివాళ్ళు చెప్పినట్టే, కారినచోట పొడి మన్ను తెచ్చి పోయించాడు.

"మజ్జిగ పొయ్యండి, చేతికి సల్లగా ఉంటాది," అన్నారెవరో.

"నీళ్ళు! ఉత్త నీళ్ళు!" అని అరిచాడు లోకనాథం. పందిట్లో నీళ్ళుంటే కదా! జనం సంచుల్లో ఉన్న సీసాలన్నీ తీశారు. దాహంతో నాలుక పిడచకట్టిన మనుషులు, గుక్కెడు కూడా దాచుకోకుండా ఒకరి తర్వాత ఒకరు వచ్చి అతని చేతి మీద పోశారు. పదిహేను నిమిషాలకు అసలు పంచాయతీ లారీ వచ్చింది. దాని కొళాయి కింద చెయ్యి పెట్టి, అంబులెన్సు వచ్చేదాకా నిలబడ్డాడు. వెండి పట్టీల పిల్ల దూరంనుంచి చూస్తూ ఉంది. దాని పేరు నివేద అని వాళ్ళ అవ్వ చెప్పింది. దాని పావడా అంచున మిరియమంత చిల్లులు మూడు పడ్డాయి. కాళ్ళకు ఏమీ కాలేదు.

సాయంత్రం తిరుత్తణి ఆస్పత్రికి సరసమ్మ వచ్చింది. కట్టు కట్టిన చెయ్యి, తణికైవేల్ చేతిలో మూలలు తెగిన పసుపు గుడ్డ చూసి, మంచం పక్కన నేల మీద కూలబడింది. 

"నా గుడ్డ ఎవుడు రా కోసింది?"

కొడుకు చేతి కట్టు మెల్లగా తడిమింది.

"గుడ్డ ఉండేంతసేపూ నిన్ను కాచింది. దాన్ని కోసినారు, ఆ బొమ్మ బయటికొచ్చింది, నీ చెయ్యి తినేసింది. నేను ముందే చెప్పినాను గదరా!"

తణికైవేల్ ఏదో చెప్పబోయాడు. లోకనాథం వద్దని కళ్ళతోనే ఆపాడు. ఆ ముసలి ప్రాణానికి ఎలా చెప్తాడు? నీ గుడ్డ చూసే ఆ పిల్ల చెంబు పట్టుకొచ్చిందని ఏ నోటితో అంటాడు? అనలేదు. ఐదు నెలలు ఇంట్లో ఉన్నాడు. చిటికెన వేలూ ఉంగరం వేలూ వంకరపోయాయి. మళ్ళీ బండెక్కాడు. బోర్డులు తుడవడం మొదలుపెట్టాడు. అమ్మకు మాత్రం చెప్పలేదు. సరసమ్మ ఆ వీధంతా, గుడ్డ కోసినందుకే నా కొడుకు చెయ్యి పోయిందని చెప్పుకుంటూ తిరిగింది.

మళ్ళీ ఆడి వచ్చింది. లోకనాథం ఖాళీ బండితో ఇంటికొచ్చేసరికి మగ్గం మీద పసుపు నూలు ఉంది. ఈసారి మామూలు కంటే పొడుగు.

"ఇంత ఏల మా?"

"నీకొకటి. మన వీధి విమల్ గ్యాసు సిలిండర్ల వ్యాను తోలతాడు గదా, దాని మీద మంట బొమ్మ ఉండాదంట. వాళ్ళమ్మ వచ్చి అడిగింది, మావోడి బండికీ ఒక గుడ్డ నేసియ్యి అక్కా, ఆ బొమ్మ మూసేస్తాము అని."

 ఏడాదిగా లోకనాథం మింగిన మాట ఇంకో ఇంటి గడప ఎక్కింది. ఇక తప్పదు. మగ్గం గుంట అంచున కూర్చొని, వంకర వేళ్ళ చెయ్యి తల్లి ఒళ్ళో పెట్టాడు.

"మా, నా చెయ్యి కాలినాక గుడ్డ కోసినారు. ముందు కాదు. ఆ బొమ్మ కనబడక, నీ గుడ్డ కనబడి, మా బండి నీళ్ళ బండి అనుకోని జనం వచ్చినారు. తొమ్మిదేండ్ల బిడ్డ చెంబు పట్టుకోని నిలబడింది మా, యాసిడ్డు పట్టుకునేదానికి. గుడ్డ తీసినాకే జనం పక్కకు పోయినారు. ఆ బొమ్మే కాచింది."

సరసమ్మ మసక కంటితో కొడుకు మొహం వెతికింది.

"అయితే నేనా రా? నీ చెయ్యి నేను కాల్చినానా?"

"నువ్వు కట్టినావు. కట్టేటప్పుడు నేను గమ్మున ఉండినాను. గేటు కాడ ఎత్తి చూపించి మళ్ళా దించింది నేను. నువ్వు చదువుకోలేదు మా. నేను పదహారేండ్లు తోలినాను."

 సరసమ్మ ఆ సాయంత్రమంతా మగ్గం మీద కూర్చొనే ఉంది, పోగును అటూ ఇటూ తీసుకుపోయే నాడె మాత్రం ఒక్కసారి కూడా కదల్లేదు. చీకటి పడేవేళ లేచి, కర్ర పట్టుకొని విమల్ వాళ్ళింటికి పోయింది. ఏమి చెప్పిందో, ఎలా చెప్పిందో ఎవరికీ తెలియదు. వచ్చాక అన్నం తినకుండా పడుకుంది. చెప్పకపోయుంటేనే మేలేమో అని లోకనాథం ఆ రాత్రంతా కుమిలిపోయాడు.

తెల్లారి అతను స్నానం చేసి వచ్చేసరికి సరసమ్మ బండి వెనక ఉంది. చేతిలో పసుపు గుడ్డ, మగ్గం మీదనుంచి కోసిన కొత్తది. నాలుగు మూలలూ చూశాడు లోకనాథం. ఎక్కడా ముడి లేదు. ఆమె గుడ్డను చెంబులో ముంచి, పిండి, బొమ్మ మీది దుమ్ము తుడుస్తోంది. గొట్టం తుడిచింది. చుక్కలు తుడిచింది. చెయ్యి దగ్గరికి వచ్చేసరికి ఆగి, పసిబిడ్డ చెయ్యి తుడిచినట్టు మెల్లగా తుడిచింది. ఆమె కళ్ళనుంచి నీళ్ళు కారుతున్నాయి.

"నువ్వు బండెక్కు," అంది కొడుకుతో, ఇటు తిరగకుండానే.

అతను ఎక్కాడు. పక్క అద్దంలో తల్లి కనిపిస్తోంది. ఆమె కర్ర ఊతతో ఒక్కో అడుగూ లెక్కపెట్టుకుంటూ వెనక్కి నడిచింది. ఇరవై అడుగులు. ఆగి, మంచి కన్ను చేత్తో మూసుకొని, మసక కన్నుతో బండి వైపు చూసింది. చాలాసేపు చూసింది.

"చెయ్యి కనిపిస్తా ఉండాది రా," అని అరిచింది. "పో."